డిసెంబరు 20 నుంచి కనుమ దాకా: తిరుపతిలో స్నేహితులతో ఎక్కడికి వెళ్ళాలి, దేన్ని వదిలేయాలి

డిసెంబరు రెండో వారం దాటిందంటే మా తొమ్మిది మంది వాట్సాప్ గ్రూపుకు తెరిపి ఉండదు. క్రిస్మస్‌కు చిత్తూరు రమ్మని ఒకరు, 31 రాత్రికి రిసార్టు బుక్ చేద్దామని ఇంకొకరు, తలకోనలో నీళ్ళు బాగా పడుతున్నాయంట పోదామా అని మరొకరు. దానికితోడు మా ఆయన ఆఫీసు డిన్నరు, అపార్ట్‌మెంటు వాళ్ళ న్యూ ఇయర్, పిల్లల స్కూలు యానివర్సరీ, ఊళ్ళో సంక్రాంతి. నెల తిరగకుండా పది పన్నెండు పిలుపులు.

మూడేళ్ళ కిందట దేనికీ కాదనకుండా అన్నిటికీ వెళ్ళాను. పండక్కి ఊరు చేరేసరికి గొంతు పోయింది, చేతిలో డబ్బులూ అయిపోయాయి. అవి రెండూ సర్దుకున్నాయి గానీ ఇంకొకటి ఇప్పటికీ మనసులో ఉంది. మా గుంపులో ఒకామెకు ఆ ఏడాది ఎండాకాలంలో వాళ్ళ నాన్న పోయాడు. ఆ నెలలో ఆరుసార్లు కలిశాం. ఆరుసార్లూ పాటల మోత, ఫోటోల హడావిడి. ఆమె పక్కన పది నిమిషాలు కూర్చుని "ఎట్లున్నావే" అని అడిగే సందు నాకు దొరకలేదు. నేనూ చేసుకోలేదు.

అప్పటినుంచి ప్రతి పిలుపునూ రెండు మాటలతో తూచుతున్నాను. మనలో రావడం అందరికంటే కష్టమైన మనిషి దీనికి రాగలదా? వచ్చాక కూర్చుని మాట్లాడుకునే వీలుందా? కింద రాసినదంతా ఆ తూకంతోనే. మీ గుంపులో అందరూ పాతికేళ్ళవాళ్ళు, అందరికీ బండ్లున్నాయి, అడిగేవాళ్ళు లేరు అంటే మీ లెక్క వేరు కావచ్చు.

ముందు మనుషుల లెక్క

ఈ సీజన్లో మన ఊళ్ళో ఉన్నన్ని నియమాలు ఇంకే నెలలోనూ ఉండవు. నవంబరు మధ్య నుంచి అయ్యప్ప మాలలు. మండల దీక్ష 41 రోజులు, మకరజ్యోతి దాకా వేసుకునేవాళ్ళయితే జనవరి 14 వరకు. ఇంట్లో ఒకరు మాల వేసుకుంటే ఆ ఇంటి ఆడవాళ్ళ దినచర్యే మారిపోతుంది. తెల్లవారుజామున పూజ, విడిగా వంట, సాయంత్రం భజన. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. నెలంతా తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు, చాలా ఇళ్ళలో నీచు ముట్టరు. అదే సమయంలో మా క్రిస్టియన్ స్నేహితురాలికి ఏడాదిలో పెద్ద పండగ. నర్సుగా చేసే ఆమెకు 31న రాత్రి డ్యూటీ తప్పదు. ఒకామెకు ఏడు నెలల బిడ్డ. ఇంకొకరు అత్తగారికి రాత్రి ఎనిమిదికి ఇన్సులిన్ వేయాలి.

నాన్న పోయిన మనిషి సంగతి ఇంకా సున్నితం. ఏడాది తిరిగేదాకా వాళ్ళింట్లో పండగ చేయరు, కొండ గుడి ఎక్కరు. ఆ ఏడాది "అందరం కలిసి నడిచి కొండెక్కుదాం" అని గ్రూపులో పెట్టిన మెసేజి ఆమెను ఎంత దూరం పెట్టిందో మాకు తట్టలేదు.

కాబట్టి చోటు గురించి మాట్లాడే ముందు ఎవరికి ఏ రోజు కుదరదో కాగితం మీద రాసుకోండి. తొమ్మిది మందిలో ఎనిమిది మంది రాగలిగిన మామూలు చోటు, నలుగురే రాగలిగిన గొప్ప చోటు కంటే మేలు.

31 రాత్రి: రిసార్టా, మిద్దె మీదా?

ఎక్కువ డబ్బూ ఎక్కువ తగాదా దీనిమీదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

హైవే పక్కన రిసార్టులు, ఊళ్ళో పెద్ద హోటళ్ళు 31 రాత్రికి ప్యాకేజీలు పెడతాయి. జంటకింత, ఒంటరివాళ్ళకింత, పిల్లలకింత. అందులో డీజే, బఫే, పన్నెండు గంటలకు కేకు. మేము ఒక ఏడాది అలాంటిదానికి వెళ్ళాం. తలకు పదిహేను వందల చొప్పున ముందే కట్టించుకున్నారు. పదిన్నరకు వెళ్ళి చూస్తే బిర్యానీ గిన్నెలో అడుగంటింది తప్ప ఏమీ లేదు. రొట్టెల కౌంటరు దగ్గర యాభై మంది ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. డీజే పెట్టె పక్కనే మా టేబులు వేశారు. బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంటే వాళ్ళమ్మ రెండు గంటలు కారులోనే కూర్చుంది. పన్నెండు దాటాక ఆటో దొరక్క, నలుగురం ఒకే కారులో ఇరుక్కుని, తనిఖీల దగ్గర ఆగుతూ ఆగుతూ ఇల్లు చేరేసరికి రెండు.

అంటే రిసార్టు ఎప్పుడూ వద్దనడం లేదు. ఎవరి ఇంట్లోనూ పదిహేను మందికి చోటు లేనప్పుడు, బెంగళూరు నుంచో చెన్నై నుంచో వచ్చిన స్నేహితులు అక్కడే గది తీసుకుని దిగినప్పుడు అదే నయం. గది అక్కడే ఉంటే రాత్రి ప్రయాణం బాధ తప్పుతుంది. అసలు కష్టమంతా ఆ ప్రయాణమే. డబ్బు కట్టే ముందు మాత్రం ఈ నాలుగు అడిగి, జవాబు మెసేజి రూపంలో తీసుకోండి: భోజనం కౌంటరు ఎన్ని గంటలకు మూస్తారు, డీజేకు దూరంగా టేబులు ఇస్తారా, శాకాహారం వండేది వేరే చోటేనా, ఎవరైనా రాలేకపోతే ఆ డబ్బు వెనక్కి ఇస్తారా. చివరి ప్రశ్నకు నీళ్ళు నమిలారంటే అక్కడికి వెళ్ళకండి.

రెండో దారి మిద్దె. పోయిన రెండేళ్ళూ మేము మా మిద్దె మీదే చేసుకున్నాం. ఈ నెలలో మన జిల్లాలో అనపకాయలు దిగుతాయి, అదే మాకు ఆధారం. ఆ రోజు పొద్దున కాయలు ఒలిచి గింజలు నానబెడతాం. సాయంత్రం ఆరింటికి ఒక్కొక్కరే వస్తారు. చాప పరిచి మధ్యలో పెద్ద పళ్ళెం పెట్టి, చుట్టూ కూర్చుని గింజలు పితుకుతాం. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే తొక్క చేతిలో మిగిలి, పచ్చటి పప్పు టప్పున గిన్నెలోకి ఎగురుతుంది. కొన్ని గిన్నె దాటి ఎదుటివాళ్ళ ఒళ్ళో పడతాయి. రెండు కిలోల గింజలు పితకడానికి తొమ్మిది మందికి గంట పైనే పడుతుంది. ఆ గంటలో చేతులు ఖాళీగా లేవు కాబట్టి ఎవరూ ఫోను ముట్టరు. చూపు పళ్ళెం మీద ఉంటుంది కాబట్టి, మొహంలో మొహం పెట్టి చెప్పలేని మాట కూడా నోటికి వస్తుంది. వాళ్ళ నాన్న ఆసుపత్రిలో ఉన్న చివరి వారం గురించి ఆమె మొదటిసారి మాకు చెప్పింది అట్లా గింజలు పితుకుతూనే. మేము ఎవరమూ ఏమీ అనలేదు. పళ్ళెంలో గింజలు అయిపోతే ఎవరో ఇంకో గుప్పెడు వేశారు.

తర్వాత పితికిపప్పు పులుసు, రాగిసంకటి. సంకటి మా అమ్మ తెడ్డుతోనే గెలకాలి. నూకలు మెత్తగా ఉడికాక మధ్యలో రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, సన్నమంట మీద మగ్గనిచ్చి దించాలి. తపేలా కింద గోనెపట్ట వేసి, ఇద్దరు చెరోవైపు గట్టిగా పట్టుకుంటే మూడో మనిషి తెడ్డు తిప్పాలి. పిండి ఉండలు కట్టకుండా తపేలా గోడకేసి రుద్దుతూ తిప్పాలి. ఆవిరి మొహానికి కొడుతుంది. ఐదు నిమిషాలకు భుజాలు లాగుతాయి, అప్పుడు చెయ్యి మారాలి. తడిపిన గిన్నెలో వేసి నాలుగుసార్లు ఎగరేస్తే ముద్ద గుండ్రంగా తిరుగుతుంది. మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన ఊరిబిండి పచ్చడి. ఆ రాత్రి మా మిద్దె మీద నీచు వండం, అందుకే మాల వేసుకున్న స్వాములు కూడా వచ్చి కూర్చోగలిగారు. నాటుకోడి కనుమ నాడు ఎటూ ఉంది.

ఖర్చు మనిషికి రెండు వందలు దాటలేదు. నర్సు స్నేహితురాలు డ్యూటీకి వెళ్ళే ముందు ఏడింటికి వచ్చి ఒక ముద్ద తిని వెళ్ళింది. ఇన్సులిన్ వేయాల్సిన ఆమె మధ్యలో లేచి వెళ్ళి మళ్ళీ వచ్చింది. రిసార్టు అయితే ఇద్దరూ వచ్చేవాళ్ళు కాదు. మిద్దెకు ఒక చిక్కు ఉంది, ఆ ఇంటావిడ మీద పని పడుతుంది. గిన్నెలు కడగడం, మిద్దె ఊడవడం అయ్యాకే ఎవరైనా మెట్లు దిగాలని ముందే మాట అనుకోవాలి. చలి కూడా తక్కువ కాదు. తొమ్మిది దాటితే మంచు దిగుతుంది, పిల్లలకు చెవులకు గుడ్డ కట్టాలి.

నీళ్ళ దగ్గరికి పోవాలంటే

ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి గనుక మన జలపాతాలకు ఇదే అదను. అట్లని డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లో పెట్టుకోకండి. 2022లో మాండూస్ తుపాను, 2023లో మిచాంగ్ తుపాను రెండూ ఆ రోజుల్లోనే వచ్చాయి. వాన గట్టిగా ఉంటే అటవీశాఖ వాళ్ళు దారి మూసేస్తారు, మూయడమే మంచిది. క్రిస్మస్ తర్వాత వాన తెరిపిస్తుంది, నీళ్ళు మాత్రం ఉంటాయి.

తలకోన అందరికీ తెలిసినదే. రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైన జలపాతం, 270 అడుగులు. తిరుపతి నుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు. సిద్ధేశ్వరస్వామి గుడి దాటి అడవిలో నడుచుకుంటూ పోతే ఆ బండలు, మద్దిచెట్ల నీడ, పైనుంచి దుమ్ములా రాలే నీళ్ళు. నాకు మన జిల్లాలో అంతకంటే ఇష్టమైన చోటు లేదు. కానీ జనవరి 1న వెళ్ళకండి. ఒక ఏడాది మేము ఆ రోజు వెళ్ళి, బండ్లు బారులు తీరి కదలక, పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే చెక్‌పోస్టు ముందే పులిహోర పొట్లాలు విప్పాం. జలపాతం కింద నిలబడ్డది పది నిమిషాలు. అదే చోటికి మామూలు మంగళవారం వెళ్ళినప్పుడు అడవి చప్పుడు వినపడింది. ఒకరోజు సెలవు పెట్టినా సరే, పనిదినం ఎంచుకోండి. చీకటి పడకముందే భాకరాపేట ఘాటు దిగేయాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న బస్సు లోయలో పడింది ఆ ఘాటులోనే, రాత్రిపూట. మలుపులు తెలియని డ్రైవరుతో ఆ దారిలో రాత్రి ప్రయాణం వద్దు.

బిడ్డల తల్లులు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే కైలాసకోన. పుత్తూరు దాటి నారాయణవనం వైపు. జలపాతం చిన్నదే గానీ ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి, నడక తక్కువ. పొద్దున ఏడింటికి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. దారిలో నారాయణవనం కళ్యాణ వెంకటేశ్వరస్వామి గుడి కూడా చూసుకోవచ్చు. ఉబ్బలమడుగు, అంటే తడ జలపాతాల పేరు కుర్రవాళ్ళు ఎక్కువగా చెబుతారు. అక్కడ మడుగులు లోతు, బండలు పాచి. ఈత రానివాళ్ళు గుంపులో ఒక్కరున్నా నేను ఒప్పుకోను.

ఇక ఊరు దాటే తీరికే లేనివాళ్ళకు కపిలతీర్థం ఉంది. వానలు బాగా పడిన ఏడాది కొండమీది నుంచి నీళ్ళు నేరుగా కోనేట్లోకి దూకుతాయి. తెల్లవారుజామున వెళ్ళి, ఆ తుంపర మొహాన పడుతుంటే కోనేటి మెట్ల మీద ముగ్గురు స్నేహితులు కూర్చుంటే అదీ ఔటింగే. పైసా ఖర్చు లేదు, ఎనిమిదింటికి ఆఫీసుకు తయారవ్వొచ్చు.

నడిచి కొండెక్కడం

కొత్త సంవత్సరానికి నడిచి కొండెక్కుదామనే మాట ప్రతి ఏడాదీ వస్తుంది. మంచి మాటే. ఏ దారి అన్నదే తేల్చుకోవాలి. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా. మధ్యలో చదును దారి, దుకాణాలు, కూర్చునే చోట్లు ఉంటాయి. గాలిగోపురం దాకా ఊపిరాడదు, తర్వాత హాయి, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ కష్టం. శ్రీనివాసమంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైన. దూరం తక్కువ గానీ ఎక్కడం నిట్టనిలువు, సాయంత్రం ఆరు దాటితే ఆ దారి మూసేస్తారు.

మాట్లాడుకుంటూ నడవాలంటే అలిపిరి. మొక్కు తీర్చుకుని మధ్యాహ్నానికి దిగాలంటే శ్రీవారి మెట్టు. నేను అలిపిరికే ఓటేస్తాను. మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కే వాళ్ళ వెనక నడుస్తుంటే మన అడుగు కూడా దానంతటదే నిదానిస్తుంది. మెట్టు మీద వంగి లేచే ఆ ముసలమ్మల ముందు వేగంగా పోవాలనిపించదు. పిల్లలుంటే చీకటి పడకముందే ఎక్కేయాలి. 2023 ఆగస్టులో ఈ దారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టనబెట్టుకుంది. అప్పటినుంచి భద్రత కోసం పెట్టిన ఆంక్షలను విసుక్కోకుండా పాటించాలి.

రోజు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. వైకుంఠ ఏకాదశి ధనుర్మాసంలో వస్తుంది. 2025లో అయితే జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న ఇంకొకటి, ఒకే క్యాలెండరులో రెండు వచ్చాయి. ఆ రోజునుంచి పది రోజులు వైకుంఠ ద్వారం తెరిచి ఉంటుంది, దూరాభారం నుంచి వచ్చే భక్తులతో ఊరంతా నిండిపోతుంది. 2025 జనవరి 8న ఆ దర్శనం టోకెన్ల కోసం మన బైరాగిపట్టెడలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. మనం ఇక్కడే ఉండేవాళ్ళం, ఏడాదిలో ఏ రోజైనా వెళ్ళగలం. ఆ పది రోజులు దూరంనుంచి వచ్చినవాళ్ళకు వదిలేసి సంక్రాంతి దాటాక వెళ్దామని మా గుంపు నిర్ణయం.

రాత్రి ఉండి రావాలంటే హార్సిలీ హిల్స్, తెల్లారి పోయి రావాలంటే పులికాట్

హార్సిలీ హిల్స్ నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ అనే దొర అక్కడ బంగళా కట్టుకున్నాడు, ఆ పేరే నిలిచింది. తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె మీదుగా నాలుగు గంటలు వేసుకోండి. జనవరి చలిలో గాలిబండ మీద నిలబడితే మాట నోట్లోంచి ఆవిరిగా వస్తుంది. సమస్య ఏమిటంటే డిసెంబరు 24 నుంచి జనవరి 2 దాకా బెంగళూరు జనం వచ్చిపడతారు, గదులు దొరకవు, దొరికినా ధర పెరుగుతుంది. రెండు నెలల ముందు బుక్ చేసుకోకపోతే ఆశ వదులుకుని జనవరి చివర్లో వెళ్ళండి, చలి అప్పుడూ ఉంటుంది. వెళ్ళే దారిలో మదనపల్లెలో ఆగండి. ఠాగూరు 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలోనే. పిల్లలకు అది చెప్పి చూపిస్తే ఆ ప్రయాణానికి ఒక జ్ఞాపకం తోడవుతుంది.

పులికాట్ దారి ఇంకో రకం. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేట, అక్కడినుంచి శ్రీహరికోట రోడ్డు. ఆ రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, దేశంలో చిలకా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. తెల్లారేసరికి అక్కడుండాలి. రోడ్డు పక్కన బండి ఆపి దిగితే గులాబీ కాళ్ళ ఫ్లెమింగోలు బారులు తీరి, తలలు నీళ్ళలో ముంచి మేస్తుంటాయి. ఎండెక్కితే దూరం జరిగిపోతాయి. దగ్గర్లోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో చెట్లనిండా గూడబాతులు. బైనాక్యులర్లు ఉన్న స్నేహితుడు ఒకడుంటే చాలు. తెల్లవారుజామున మూడున్నరకు లేవగలిగేవాళ్ళే ఒప్పుకోండి, మధ్యలో టిఫినుకని ఆగితే పక్షులు మీకోసం ఆగవు. రాత్రి గది ఖర్చు లేదు, మధ్యాహ్నానికి వెనక్కి రావచ్చు. పక్షుల పండగ జరిగే రోజుల్లో మాత్రం జనం ఎక్కువ. పక్షులకోసమే అయితే ఆ రోజులు వదలండి, స్టాళ్ళూ పాటలూ కావాలంటే ఆ రోజులే వెళ్ళండి.

రెంటిలో ఏదంటే, చంటిబిడ్డలుంటే పులికాట్ కాదు, హార్సిలీ హిల్సూ కాదు, చంద్రగిరి. పన్నెండు పదిహేను కిలోమీటర్లే. కోటలో పచ్చిక మీద దుప్పటి పరిచి, రాజమహల్ నీడలో సాయంత్రం దాకా కూర్చోవచ్చు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో వెళ్ళండి.

క్రిస్మస్ భోజనానికి పిలిస్తే మిగతావి మానుకోండి

చిత్తూరులో మా స్నేహితురాలి ఇంటికి డిసెంబరు 25 మధ్యాహ్నం వెళ్ళడం ఆరేళ్ళుగా మాకు అలవాటు. అర్ధరాత్రి ఆరాధన ముగించుకుని, నిద్రలేని కళ్ళతోనే వాళ్ళమ్మ గులాబీపువ్వులు, కజ్జికాయలు, కేకు పళ్ళెంలో సర్ది పెడుతుంది. నీచు తిననివాళ్ళకోసం కొత్త గిన్నెలో విడిగా సాంబారన్నం వండి, ఆ గిన్నె మూతమీద తెల్లదారం కట్టి ఉంచింది ఒక ఏడాది, పొరపాటున ఎవరూ కలపకూడదని. "మీ స్వామికి కూడా కట్టియ్యమంటావా అమ్మీ" అని అడిగింది. ఆ దారాన్ని నేను మరిచిపోలేదు.

ఇంటికి పిలిచిన పిలుపు, హోటలుకు పిలిచిన పిలుపు ఒకే రోజు పడితే ఇంటికే వెళ్ళండి, రెండో ఆలోచన వద్దు. చిత్తూరు డెబ్బై కిలోమీటర్లు. చంద్రగిరి, గాదంకి టోలు, పూతలపట్టు మీదుగా గంటన్నర. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్ర ప్రభుత్వ స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మాత్రం బ్యాగులో ఉండాలి. తిరిగొచ్చేటప్పుడు కాణిపాకం దిగి వినాయకుణ్ణి చూసుకుని రావచ్చు.

మిగిలినవి

ఆఫీసు డిన్నర్లకు ముఖం చూపించి గంటలో వచ్చేయొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అపార్ట్‌మెంటు న్యూ ఇయర్‌కు చందా ఇవ్వండి, ముగ్గు వేయడానికి వెళ్ళండి, అర్ధరాత్రి దాకా ఉండాల్సిన పని లేదు.

సంక్రాంతికి మాత్రం స్నేహితుల్ని ఊరికి తీసుకెళ్ళడం గురించి ఆలోచించండి. భోగిమంట తెల్లారి నాలుగింటికి, మనతో వచ్చే పట్నం స్నేహితులకు ఆ వేడి జీవితాంతం గుర్తుంటుంది. కనుమ నాడు చంద్రగిరి మండలం రంగంపేట, పుల్లయ్యగారిపల్లె వైపు పశువుల పండగ జరుగుతుంది. కొమ్ములకు కట్టిన పలకల కోసం కుర్రవాళ్ళు ఎద్దుల వెంట పడతారు. చూడాలనుంటే మిద్దెమీంచి చూడండి. బాటలో నిలబడితే ఏటా ఎవరో ఒకరు గాయపడుతూనే ఉన్నారు, మన పిల్లల్ని చేతులు వదిలి అక్కడికి పంపకండి.

డబ్బుల గురించి ఒక మాట. ఎవరి వాటా ఎంతో బయలుదేరే ముందే గ్రూపులో పెట్టండి. మా గుంపులో ఒకామె రెండేళ్ళు "ఒంట్లో బాగాలేదు" అని రిసార్టుకు రాలేదు. ఆమెకు ఆ పదిహేను వందలు భారమని తర్వాత తెలిసింది. ఇప్పుడు మూడు వందలు దాటే ఏ ఔటింగైనా, ముందుగా ఇద్దరం ఆమెతో విడిగా మాట్లాడాకే గ్రూపులో పెడతాం. రాలేనని చెప్పాల్సి వస్తే సాకులు వద్దు. "ఈసారి కుదరదే, పదో తేదీ ఆదివారం మీ ఇంటికొస్తా" అని ఇంకో రోజు కలిపి చెప్తే ఎవరి మనసూ నొచ్చుకోదు. చెప్పిన రోజు వెళ్ళాలి మరి.

ఈసారి మేము తేల్చుకున్నవి మూడే. 25న చిత్తూరు, 31న మిద్దె, జనవరిలో ఒక మంగళవారం తలకోన. మిగతా పిలుపులన్నిటికీ నిన్న రాత్రి కూర్చుని ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పాను. ఆఖరి ఫోను వాళ్ళ నాన్న పోయిన ఆమెకే. అంతా విని, "అనపకాయలు నువ్వు కొనద్దులేమ్మే, మా నాయన వేసిన చేను ఈ ఏడు మా తమ్ముడు కాపాడినాడు, రెండు గోతాలు పంపిస్తాడంట" అంది.